గైర్హాజరు

పత్రికవాళ్ళు నాలుగు వాక్యాలు చాలన్నారు.
న్యాయవాది, శాసనసభ్యుడు, రాయబారి,
పుట్టిన తేదీ, పోయిన తేదీ.
ఇరవయ్యారేళ్ళు ఆయన ఉత్తరాలకు నకళ్ళు తీసినవాణ్ణి,
రాయడం రాక కాదు.
కలం సిరాలో ముంచగానే
ముందుగా ఒక పంది చెవి గుర్తొచ్చింది.

హైరమ్ పెలెట్ మొదటి కేసు అది.
చెవి కోత గుర్తును బట్టి పంది ఎవరిదో తేలాలి.
సాక్షి మొహం చాటేస్తే
పందినే కోర్టుకు తోలుకొచ్చాడు.
అది జడ్జిగారి బల్లకింద దూరింది.
జనం నవ్వారు, ఆయన గెలిచాడు.
ఫీజు, ఒక బస్తా ఎండు ఆపిల్ ముక్కలు.
ఆ చలికాలమంతా మా ఆఫీసులో
సిరా కూడా తియ్యగా వాసనేసేది.

మాటకారి. ఒప్పుకుంటాను.
ఆయన గొంతు సవరించుకుంటే చాలు,
స్టవ్ పక్కన కునికే జ్యూరీ
పొగాకు నమలడం మరిచిపోయేది.

డోర్కస్ టిల్‌గన్ ఆయన కాలర్లకు గంజి పెట్టే మనిషి.
మిల్లు యజమాని ఇంటి బట్టలూ ఆమే ఉతికేది.
రెండేళ్ళ కూలి ఎగ్గొట్టాడతను.
ఆమె లెక్క తలుపు వెనక సుద్దగీతల్లో ఉంది,
వారానికొకటి.
తలుపునే ఊడదీసి బండిమీద తెచ్చింది.

తెల్లవాడి మీద నల్లవాళ్ళ సాక్ష్యం చెల్లదు,
మా రాష్ట్రంలో అప్పటి చట్టం అది.
జడ్జి తలుపును చూశాడు.
ఆమెను చూడలేదు.

"పంది మాట విన్నారు కదా, పెలెట్ గారూ"
అంది డోర్కస్. అంతే అంది.
తలుపు మళ్ళీ బండికెక్కిస్తుంటే
ఒక కొస ఆయన పట్టాడు, ఒక కొస నేను.
చేతులకంటిన సుద్ద దులుపుకోకుండా
"ఈ చట్టం మారుస్తాను" అన్నాడు.
విన్నాను. నకలు తీయలేదు.

గెలిచి సభకెళ్ళాడు.
బిల్లు ఆయనే రాశాడు, శుద్ధప్రతి నాది.
ఓటింగుకు ముందు రాత్రి
పార్టీ పెద్దలు గదికి వచ్చి వెళ్ళారు.
తెల్లారి చూస్తే నాలుగు గ్లాసులు,
తివాచీ మీద చుట్ట బూడిద,
బిల్లు కాగితం మీద గ్లాసు అడుగు గుండ్రంగా.

సభలో పేర్లు పిలిచారు.
పెలెట్.
పెలెట్.
మూడోసారి పిలిచి కార్యదర్శి గీత కొట్టాడు.
ఆయన వరండాలో నీళ్ళతొట్టి దగ్గర
రేకు ముంతతో తాగుతున్నాడు.
ముంత మీద ముంత.
అంత దాహం ఏ మనిషికీ ఉండదు.
బిల్లు ఒక్క ఓటుతో పోయింది.

ఏడాది తిరక్కుండానే కీటోకి రాయబారి.
కంచరగాడిద మీద కొండలెక్కి తొమ్మిది రోజులు.
పెట్టెలో పన్నెండు గంజి కాలర్లు,
డోర్కస్ ఉతికిచ్చినవే.
కూలి మాత్రం ముందే అడిగి పుచ్చుకుంది.

అక్కణ్ణుంచి నివేదికలు వచ్చేవి:
గడ్డి టోపీల ఎగుమతి, కార్యాలయం కప్పు కురవడం,
ఒక నావికుడి ఖననం ఖర్చు.
ఒకటి మాత్రం నా పేరున వచ్చింది.
"ఇక్కడి భాష నాకు రాదు.
నిన్న విందులో చాలాసేపు మాట్లాడాను.
దుబాసీ ఒక్క ముక్కలో తేల్చేశాడు.
అందరూ మర్యాదగా తలూపారు.
డోర్కస్ ఎలా ఉంది?"

ఆమె అప్పటికే సరస్సు దాటి కెనడా వెళ్ళిపోయింది.
తలుపు కూడా పట్టుకెళ్ళిందని కొందరు,
పొయ్యిలో పెట్టిందని కొందరు.
"క్షేమం" అని జవాబు రాశాను.
దానికి నకలుంది.

ఎప్పటికో ఆ చట్టాన్ని వేరేవాళ్ళు మార్చారు.
ఆయన కాళ్ళమీద కంబళి కప్పుకొని కూర్చునుంటే
పేపరు నేనే చదివి వినిపించాను.
"ఎంత తేడాతో?" అన్నాడు.
చెప్పాను.
కిటికీ వేయమన్నాడు, చలిగా ఉందని.
జూన్ నెల.

పత్రిక కుర్రాడు గుమ్మంలో కాళ్ళు మార్చుకుంటున్నాడు.
నాలుగు వాక్యాలూ రాసిచ్చాను.
శాసనసభ్యుడు అన్నచోట సిరా చిందింది.
అద్దుడు కాగితం చేతిలోనే ఉంది,
అద్దలేదు.